ఈ ఏడు బియ్యం పంపొద్దు

మినొసావా
ఏప్రిల్ 9

చెల్లి ఫుసాయోకి,

ఇక్కడ చలి ఇంకా పోలేదు. నీ నడుం ఎలా ఉంది. నా కుడి మోకాలు అలాగే ఉంది.

ఒక సంగతి రాయాలి. మనింట్లో ఇప్పుడు ఒక అమ్మాయి ఉంది. పేరు నొమిన్. పదహారేళ్లు. మంగోలియా నుంచి వచ్చింది. కింది ఊరి హైస్కూల్లో జనవరి దాకా చదువుతుంది. వాళ్ల పిల్లలు ఇక్కడికి, ఇక్కడి పిల్లలు ఇంకెక్కడికో. అదొక పద్ధతిట. ఆ పిల్ల ఉండాల్సిన ఇంటివాళ్లు ఆఖరున కుదరదన్నారు. హెడ్మాస్టరు మనింటికొచ్చి కూర్చున్నాడు. కాదని చెప్పడానికి నేను మాట వెతుక్కుంటున్నాను. అది దొరికేలోపల ఆయన చాలా సంతోషమండీ అని వంగి దండం పెట్టి వెళ్లిపోయాడు.

తూర్పు గది ఇచ్చాను. ఎండ వచ్చేది అదొక్కటే కదా.

మొన్న ఆదివారం కాలవ పూడిక తీశాం. ఇంటికో మనిషి. ఈ ఏడాది తొమ్మిది ఇళ్లే మిగిలాయి. నేను పార తీసుకుని బయల్దేరితే ఆ పిల్ల ఇంకో పార భుజాన వేసుకుని వెనకాలే వచ్చింది. పక్కింటి త్సునె చూసి, "ఏం అన్నా, ఇన్నాళ్లకి మీ ఇంటి నుంచి ఒకటిన్నర మనుషులొచ్చారే" అంది.

"అవునండీ. నేను ఒకటి, తాత సగం" అంది ఆ పిల్ల. మన భాష బాగానే నేర్చుకుని వచ్చింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

బురదలో ఒక ఎండ్రకాయ దొరికితే టోపీలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. వాళ్ల వైపు ఉండవుట. సాయంత్రం దాకా దాని ముందు కూర్చుని, మళ్లీ కాలవలో వదిలి వచ్చింది.

ఇంకేం లేవు.

అన్న
కిసాబురో


నాగోయా
ఏప్రిల్ 21

అన్నయ్యకి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ చేత్తో కాగితం నిండటం నేనెప్పుడూ చూళ్లేదు. మా ఆయన పోయినప్పుడు నాలుగు లైన్లు రాశావు, అందులో ఒకటి వాన గురించి.

మంచిదే. ఇంట్లో ఒక మనిషి అలికిడి ఉంటే నీకూ బాగుంటుంది. ఆ పిల్లకి రోజూ మిసో పులుసూ ముల్లంగి ఊరగాయే పెట్టకు. గుడ్డు ఉడకబెట్టు. స్నానానికి ముందు ఆ పిల్లని వెళ్లనియ్యి. అందరికీ ఒకే తొట్టి కదా, నువ్వు పొలం నుంచి వచ్చి దిగాక ఆ నీళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

తూర్పు గది అన్నావు. ఆ గుమ్మానికి నా ఎత్తు గీతలు ఉన్నాయి, నాన్న కత్తితో గీసినవి. పిల్ల వాటి మీద ఏ బొమ్మలో అతికించకుండా చూడు. పెళ్లయి నలభై తొమ్మిదేళ్లయిన దానికి ఇంకా గది ఏమిటంటావు. నువ్వు అనవులే. నేనే అనుకుంటున్నాను.

నడుం బాగానే ఉంది. ఈమధ్య పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోతున్నాను. రెండు గిన్నెలు మాడాయి.

ఫుసాయో


మినొసావా
జూన్ 3

చెల్లికి,

నాట్లు అయిపోయాయి. మూడు మళ్లే వేశాను. పై మడి బీడు పెట్టాను. మోకాలు అంత ఎత్తు ఎక్కనివ్వటం లేదు.

నొమిన్ నారు పట్టింది. మొదటి వరస పాము పాకినట్టు వచ్చింది. మూడోది బాగుంది. మళ్లకి నీళ్లు పెట్టిన రోజు సాయంత్రం కప్పలు అరవడం మొదలెడితే బయటికి పరిగెత్తుకెళ్లింది. "తాతా, ఇవన్నీ నిన్నటిదాకా ఎక్కడున్నాయి" అంది. మట్టిలో అన్నాను. "చలికాలమంతా మనం వాటి మీద నడిచామా" అంది. డెబ్భై తొమ్మిదేళ్లు వచ్చాయి, నాకు ఆ ఆలోచన రాలేదు.

వాళ్ల నాన్న గొర్రెలు కాస్తాడుట. గడ్డి కోసం ఏడాదికి నాలుగుసార్లు ఇల్లు విప్పి బండికెక్కిస్తారు. అందుకని ఇక్కడ ఒకే కిటికీలోంచి ఒకే కొండ రోజూ కనబడటం ఆ పిల్లకి వింతగా ఉంది. పొద్దున్నే లేచి, ఉందా అని చూసుకుంటుంది. ఉంది తాతా అని నాకు చెబుతుంది.

టీలో పాలూ ఉప్పూ వేసుకుంటుంది. నాకూ ఇచ్చింది. మొదట్లో కష్టంగా ఉండేది.

గీతల మీద ఏమీ అతికించలేదు.

అన్న


నాగోయా
జూన్ 28

అన్నయ్యకి,

గిన్నెల సంగతి రాశాను కదా. మా అబ్బాయి యసుహిరో నన్ను డాక్టరుకి చూపించాడు. డాక్టరు నా కొడుకు కన్నా చిన్నవాడు. గడియారం బొమ్మ వేయమన్నాడు. వేశాను. ముళ్లు పెట్టడం రాలేదు. మరుపు జబ్బు మొదలయింది, మెల్లగా పెరుగుతుంది, ఒక ఏడాదో రెండేళ్లో బాగానే ఉంటారు అన్నాడు. ఆ తరవాత సంగతి నేను అడగలేదు, అతను చెప్పలేదు.

యసుహిరో మంచివాడే. కోడలూ మంచిదే. కానీ ఇద్దరూ ఉద్యోగాలకి పోతారు. ఇక్కడికి దగ్గర్లో వృద్ధాశ్రమం ఒకటి చూశారు. నవంబరులో అక్కడ ఒక మంచం ఖాళీ అవుతుందిట. వస్తానో రానో అక్టోబరాఖరుకి చెప్పాలి.

అన్నయ్యా, నాకు మనింటికి రావాలని ఉంది. ఈ నాగోయా అంతా పెద్దయ్యాక నేర్చుకున్నది. ముందు పోయేది ఇదే. అక్కడైతే చీకట్లో కూడా బావి దగ్గరికి నా కాళ్లే నడుస్తాయి. తల మరిచిపోయినా కాళ్లు మరిచిపోవు అనుకుంటున్నాను. తూర్పు గది వద్దు, ఆ పిల్లని కదపకు. అమ్మ పడుకున్న మూల చాలు.

నీకు బరువవుతానని తెలుసు. నీ మోకాలే నువ్వు మోయలేకపోతున్నావు. నీకు అవునని చెప్పడం రాదు, కాదని చెప్పడం అంతకన్నా రాదు. హెడ్మాస్టరుకే చెప్పలేకపోయావు. అందుకని నేనే ఒక దారి ఆలోచించాను. ఏటా అక్టోబరులో నాకు కొత్త బియ్యం పంపుతావు కదా. నేను రావచ్చు అనుకుంటే ఈ ఏడు బియ్యం పంపొద్దు. ఇంటి మనిషికి ఎవరూ పార్సిల్లో బియ్యం పంపరు. బియ్యం వస్తే, అక్కడే తిను అన్నావని అర్థం చేసుకుంటాను. నాకు కోపం రాదు. నువ్వు ఒక్క మాట కూడా రాయక్కర్లేదు.

ఇది మనిద్దరి మధ్యే. త్సునె చెవిన పడితే లోయంతా నా తల గురించే మాట్లాడుకుంటుంది.

ఫుసాయో


మినొసావా
ఆగస్టు 17

చెల్లికి,

నీ ఉత్తరం నాన్న పటం వెనక పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

పెద్దల పండగ అయింది. నొమిన్ అమ్మ సమాధి కడిగింది. కింద నుంచి నీళ్ల బకెట్టు నాలుగుసార్లు మోసింది. ఈవిడకి ఏమంటే ఇష్టం అని అడిగింది. చేగోడీల్లాంటివి అన్నాను, పేరు గుర్తు రాలేదు. మర్నాడు బియ్యప్పిండితో ఏవో గుండ్రంగా చేసి నూనెలో వేయించి పెట్టింది. కాకి ఎత్తుకుపోయింది. "ఆ పెద్దావిడ పంపిన మనిషే అయ్యుంటాడు" అని త్సునె అంది.

స్నానాల గదిలో గోడకి పట్టుకోవడానికి కర్ర బిగించాను. మరుగుదొడ్డి దగ్గర ఇంకొకటి.

మోకాలికి ఆపరేషన్ చేస్తామన్నారు. అక్టోబరు ఆరున పట్నం ఆసుపత్రిలో చేరాలి. మూడు నాలుగు వారాలు పడుతుందిట. కోతలు ముందే అవుతాయి.

బియ్యం సంగతి నువ్వన్నట్టే.

అన్న


నాగోయా
సెప్టెంబరు 6

అన్నయ్యకి,

ఆపరేషన్ మంచిదే. ఎన్నాళ్లు ఈడుస్తావు.

కర్రలు ఎందుకు బిగించావో అడగను. నీ మోకాలి కోసమే అయ్యుంటుంది. నువ్వు ఏమీ రాయక్కర్లేదన్నాను కాబట్టి అడగను.

నిన్న మార్కెట్టు నుంచి ఇంటికి రావడానికి గంటన్నర పట్టింది. పది నిమిషాల దారి. ఒక కాలేజీ పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. యసుహిరోకి చెప్పలేదు. అక్టోబరు కోసం చూస్తున్నాను.

ఫుసాయో


మినొసావా
అక్టోబరు 5

చెల్లికి,

కోతలు అయ్యాయి. పనలు కట్టి దండేల మీద ఎండకి వేశాం. ఒక మడి మొత్తం నొమిన్ కోసింది. కొడవలితో. మర కోత వద్దంది. చివరి పన కట్టి దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుని వాళ్ల నాన్నకి పంపింది. ఆయన ఇంత గడ్డికి ఎన్ని గొర్రెలు బతుకుతాయి అని అడిగాడుట. గొర్రెలకి కాదు నాన్నా, మనుషులకి అని చెప్పిందిట.

పొలంలో మిడతలు పట్టి ఇచ్చింది. సోయాలో ఉడికించాను. కాళ్లు గుచ్చుకుంటున్నాయని అంటూనే గిన్నె ఖాళీ చేసింది. ఆ పిల్ల ఏది చేసినా నాకు అది మొదటిసారి చూస్తున్నట్టు ఉంటుంది. ఎందుకో తెలీదు.

రేపు ఆసుపత్రికి. నేను లేనన్నాళ్లూ త్సునె వచ్చి నొమిన్‌కి తోడు పడుకుంటుంది. ధాన్యం నూర్పిడి కూడా వాళ్లే చూస్తామన్నారు.

చలి దుప్పట్లు ఉతికించాను. నాలుగు.

అన్న


నాగోయా
అక్టోబరు 19

అన్నయ్యకి,

కొత్త బియ్యం అందాయి. ఎప్పటిలాగే ఇరవై కిలోలు.

అర్థమయింది. కాలు జాగ్రత్త.

ఫుసాయో


పట్నం ఆసుపత్రి
అక్టోబరు 23

ఫుసాయో,

బియ్యం నేను పంపలేదు.

నిన్న శనివారం నొమిన్ నీ కార్డున్న కవరు విప్పకుండా పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "తాతా, నాగోయా బామ్మ రాసింది. చదవండి, చదవండి" అంది. ఏమిటని చూస్తే ఇదీ సంగతి. ధాన్యం నూర్చి మర పట్టించారు. ఏటా ఈ రోజుల్లోనే నాగోయాకి మూట వెళుతుంది, ఈ ఏడు అన్న మంచం మీద ఉన్నాడు, పాపం మరిచిపోయినట్టున్నాడు అని త్సునె అందిట. అయితే నేను కోసిన మడివి పంపుదాం అందిట ఈ పిల్ల. కొరియరు కుర్రాడు ఏటా వచ్చేవాడే. నా పేరూ నీ అడ్రసూ అచ్చేసిన చీటీలు వాడి దగ్గరే ఉంటాయి. నాకు చెప్పలేదు. నీ జవాబు వచ్చాక చూపించి నన్ను ఆశ్చర్యపరచాలనుకున్నారు.

కార్డు చదివాను. ఆ పిల్ల మంచం పక్కన నిలబడి ఉంది. "నచ్చిందా? ఏమంది?" అంది. చాలా బాగున్నాయంది అన్నాను. "ఇంకా?" అంది. ఎవరు పండించారని అడిగింది అన్నాను. చిన్న కార్డులో ఇంత ఎలా పట్టిందని ఆ పిల్ల అడగలేదు.

నేను పంపలేదు. కర్రలు నీ కోసం. దుప్పట్లు నీ కోసం. నువ్వు రా.

నర్సు చేత ఫోన్ చేయిద్దామనుకున్నాను. నంబరు అడిగింది కూడా. ఇది ఆవిడ నోటితో ఏమని చెప్పించను. నా చెవికి ఫోన్ ఆనదు, నీకు తెలుసు.

నవంబరు నాలుగున ఇంటికి పంపుతారుట.

అన్న


నాగోయా
అక్టోబరు 29

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి ఒకరోజంతా అలాగే కూర్చున్నాను.

నీ మంచితనం నాకు తెలుసు. నా కార్డు చూసి నీకు మనసు ఒప్పి ఉండదు. ఒంటరి ఆడది, తల పోతోంది, ఎలాగో ఒకలా సర్దుకుందాం అనుకుని ఉంటావు. కానీ పరాయి పిల్ల మీద ఎందుకు పెడతావు. చిన్నప్పుడు నాన్న పింగాణీ గిన్నె పగలగొట్టి పిల్లి మీద పెట్టావు. ఆ పిల్లిని నాన్న కొండ అవతల వదిలేసి వచ్చాడు. నువ్వు మూడు రోజులు అన్నం తినలేదు. మొన్న జరిగినవి పోతున్నాయి గానీ ఇలాంటివి నాకు ఉన్నాయి.

మొహమాటంతో రమ్మన్న ఇంట్లో నేను ఉండలేను. రేపు నేను నిన్ను కూడా గుర్తుపట్టని రోజు వస్తుంది. ఆ రోజు నువ్వు, రమ్మన్నందుకు చచ్చాను అనుకుంటే అది నాకు తెలీదు కూడా. అదే నాకు భయం.

నిజంగా ఆ పిల్లే పంపి ఉంటే ఒక పని చెయ్యి. ఆ పిల్ల చేత రెండు లైన్లు రాయించు. ఇలా అనుకున్నాం, నాకు తెలీక పంపాను అని. ఆ పిల్ల రాస్తే నమ్ముతాను. ఆశ్రమం వాళ్లు మరో వారం ఆగుతామన్నారు. నవంబరు అయిదున యసుహిరో కాగితాలు తెస్తాడు. అప్పటిదాకా పెట్టె సర్దను.

ఫుసాయో


పట్నం ఆసుపత్రి
నవంబరు 2

చెల్లికి,

నీ ఉత్తరం వచ్చింది. కాగితం, కలం నొమిన్ ముందే పెట్టాను. ఆ పిల్ల పక్కన కూర్చుని పళ్లు కోస్తోంది. రాయమని చెప్పడానికి నోరు తెరిచాను.

రాయించలేను ఫుసాయో.

మూట కట్టిన రోజు ఫోటో వాళ్ల నాన్నకి పంపిందిట. వాళ్ల గుడారంలో తలుపుకి ఎదురుగా, పెద్దవాళ్ల బొమ్మలు ఉండే చోట దాన్ని పెట్టారుట. వాళ్ల వంశంలో ఎవరూ మట్టిలోంచి గింజ తియ్యలేదు. వచ్చినవాళ్లకల్లా ఆయన చూపిస్తున్నాడుట, మా అమ్మాయి పండించింది, ముసలావిడ ఒకావిడ తిన్నది అని. రెండు లైన్లు రాయాలంటే ఆ పిల్లకి అంతా చెప్పాలి. నువ్వు పంపిన బియ్యం వల్ల మా చెల్లి ఇల్లు చేరలేకపోతోంది అని చెప్పాలి. ఆ పిల్ల రాస్తుంది. ఏడుస్తూ రాస్తుంది. నువ్వు వస్తావు. కానీ జనవరిలో ఆ బరువు మోసుకుని వెళ్లిపోతుంది. పదహారేళ్ల పిల్ల. ఇంకా అరవై ఏళ్లు మొయ్యాలి.

పిల్లి సంగతి నాకూ గుర్తుంది. రోజూ కాదు గానీ గుర్తుంది. అందుకే.

నువ్వు నమ్మితే రా. నమ్మకపోతే నేనేం చెయ్యను. నాకు ఇంతకన్నా రాయడం రాదు.

అన్న


నాగోయా
డిసెంబరు 12

అన్నయ్యకి,

ఇప్పుడు ఆశ్రమంలో ఉన్నాను. మూడో అంతస్తు. కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ.

ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది. తల తేటగా ఉన్న పూట చూసుకుని కొంచెం కొంచెం రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకో.

నీ ఉత్తరం నవంబరు అయిదునే వచ్చింది. కాగితాల మీద ముద్ర పొద్దున వేశాను. ఉత్తరం మధ్యాహ్నం పెట్టెలో పడింది. నిలబడే చదివాను. అబద్ధమాడేవాడివైతే రాయించేవాడివి. రాయించను అన్నావు కాబట్టి నమ్మాను. నమ్మగానే యసుహిరోకి చెప్పాను, నేను అన్నయ్య దగ్గరికి పోతాను అని. వాడు ఆలోచిద్దాం అమ్మా అన్నాడు. ఒక నెల ఉండి చూడు, కొత్త సంవత్సరం పండగ వెళ్లాక మామయ్యతో నేనే మాట్లాడతాను అన్నాడు. అది కూడా సబబే అనిపించింది.

పోయిన వారం నేను పొద్దున్నే బూట్లు వేసుకుని బయటికి వెళ్లానుట. బస్టాపులో కూర్చుని ఉంటే పట్టుకొచ్చారుట. ఎక్కడికమ్మా అంటే బడికి అన్నానుట. మన కింది ఊరి బడికి. నాకు ఏమీ గుర్తు లేదు. అప్పట్నుంచి తలుపుకి అంకెలు నొక్కే తాళం పెట్టారు. ఇలాంటి మనిషిని కొండ మీద, కాలు కోయించుకున్న ముసలివాడి దగ్గర వదలడం కుదరదని డాక్టరు రాసి ఇచ్చాడు. యసుహిరో ఏడ్చాడు. వాడిని ఏమనకు. ఇప్పుడు నువ్వు పిలిచినా రావడం నా చేతిలో లేదు. నీ చేతిలోనూ లేదు. నేను జూన్‌లోనే చక్కగా, నన్ను తీసుకుపో అని రాసి ఉంటే అయిపోయేది. బియ్యం, గియ్యం అని తెలివితేటలు పోయాను. నీకు మాటలు రావని ఇన్నేళ్లూ నవ్వాను. నాకే రాలేదు.

ఇందులో మడత పెట్టిన కాగితం నొమిన్‌కి. ఇవ్వు. ఆ రోజే వండుకున్నాననీ, పక్కింటావిడకి కూడా పెట్టాననీ, ఇంత మంచి అన్నం తిని చాలా ఏళ్లయిందనీ రాశాను. నేను ఆ మూట విప్పలేదు. కోడలు తీసుకుపోయింది. ఆ పిల్లకి ఇద్దరం అబద్ధం చెప్పాం. నాన్న ఉంటే ఇద్దరికీ వీపు పగిలేది.

అన్నయ్యా, నువ్వు ఇక పొడుగ్గా రాయకు. పొడుగు ఉత్తరాలు చివరికి వచ్చేసరికి మొదలు పోతోంది.

ఫుసాయో


మినొసావా
జనవరి 27

చెల్లికి,

పొడుగ్గా రాయను.

నొమిన్ ఇరవై రెండున వెళ్లిపోయింది. నీ కాగితం త్సునెకి చదివి వినిపించింది, హెడ్మాస్టరుకి చూపించింది. పాస్‌పోర్టులో పెట్టుకుని తీసుకెళ్లింది. ఏమీ తెలీదు.

మంచు నడుం దాకా పడింది. కింది రెండు మళ్లు త్సునె కొడుక్కి ఇచ్చేశాను. మూడోది బీడు పెడతాను.

కాలు నడుస్తోంది. ఫిబ్రవరి పదకొండున తొలి రైలుకి బయల్దేరుతున్నాను. యసుహిరో స్టేషనుకి వస్తానన్నాడు. ఒంటిగంటకి నీ దగ్గర ఉంటాను. ఆ తరవాత నెలకోసారి వస్తాను, కాలు వచ్చినన్నాళ్లు.

నన్ను ఆనవాలు పట్టకపోతే కంగారు పడకు. నేను ఎవరినో నేనే చెబుతాను. మళ్లీ మరిచిపోతే మళ్లీ చెబుతాను. ఆ మాట రోజూ బావి దగ్గర పైకి అని చూసుకుంటున్నాను. వస్తోంది.

అన్న
కిసాబురో